కాల్చని మిరపకాయలు

ఆ రోజు పిల్లల వార్డులో ఒక తల్లి తలవంచుకుని మాటలు పడుతుంటే, ఆ మాటలు పడాల్సింది నేనని తెలిసి కూడా నోరు తెరవలేదు. పుస్తకాల విషయంలో నేను చేసింది పొరపాటు. దాన్ని ఎవరైనా సులభంగానే క్షమిస్తారు. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడడాన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పదు.

అనంతపురంలో నాకు విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి ఉంది. మా నాయన పెట్టింది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో సరుకు, దాని మీద చెక్కల అటక. మా అమ్మాయి చిన్నగా ఉన్నప్పుడు నేను సరుకు పని మీద బెంగళూరుకో కర్నూలుకో పోయినప్పుడల్లా బస్టాండులో బొమ్మల కథల పుస్తకాలు కొనుక్కొచ్చేవాణ్ణి. అవి పేరుకుపోయి ఇంట్లో చోటు చాలక అంగడి అటక మీదికి చేరాయి. చెదలు పట్టకుండా వాటి మధ్య నేనే తెల్ల పొడి మందు చల్లాను. రైతులు వేరుశెనగ మూటల చుట్టూ చల్లుకునే పొడి అది. మా వైపు ఇందులో వింతేమీ లేదు. కాయలు నిలవచేసే ఇంట్లో అది ఏదో ఒక మూల ఉండనే ఉంటుంది. భూమి కాగితాలు పెట్టిన ట్రంకుపెట్టెలో చల్లేవాళ్లున్నారు, పట్టుచీరల మడతల్లో చల్లేవాళ్లూ ఉన్నారు.

మా అమ్మాయి ఇప్పుడు తాడిపత్రిలో కాపురం ఉంటోంది. మొన్నామధ్య దాని కొడుక్కి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెట్టారు. మంచం మీద పడుకుని పైన తిరిగే ఫ్యాను తప్ప చూడ్డానికి వాడికేమీ లేకపోయిందట. ఇంటికొచ్చాక ఫోన్ చేసి, అటక మీది పుస్తకాలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఎవరూ చదవనివి అక్కడెందుకు, మీ ఊరి ఆసుపత్రిలో పిల్లలకు ఇచ్చేయండి అంది. మాట బాగుందనిపించింది. దానికి తోడు, సీజను సరుకు దించుకోవడానికి నాకు అటక ఖాళీ కావాల్సి ఉంది. ఈ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. దానం అన్న మాటే అందరికీ చెప్పాను.

నా భార్య మనవణ్ణి చూసుకోవడానికి తాడిపత్రి పోయి ఉంది. నేనొక్కణ్ణే పుస్తకాలన్నీ కిందికి దించి, పొడిగుడ్డతో ఒక్కొక్కటి తుడిచాను. చివరికి ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా రాలేదు. ఎలా వస్తుంది? ఏళ్ల తరబడి మందు డబ్బాల మధ్య కూర్చున్న ముక్కు అది. మా ఇంట్లో నా చొక్కాలు విడిగా ఉతుకుతారు. పెళ్లిపందిట్లో నా పక్కన కూర్చున్నవాళ్లు కాసేపటికి కుర్చీ జరుపుకుంటారు. ఇదంతా తెలిసి కూడా ఆ పొద్దున నా ముక్కునే నమ్మాను.

రెండు గుడ్డ సంచుల్లో పుస్తకాలు నింపుకుని స్కూటర్ మీద ఆసుపత్రికి పోయాను. పిల్లల వార్డు సిస్టర్ నడివయసు మనిషి, మాట కరుకు, పని నికరం. సంచులు చూసి సంతోషించింది. నన్నూ సంచుల్నీ కలిపి ఫోన్‌లో ఫోటో తీసింది. నేను జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని మరీ నిలబడ్డాను. తర్వాత వార్డులో పనిచేసే ఆయమ్మను నాకు తోడిచ్చి, మంచం మంచానికీ పంచి రమ్మంది.

ఆయమ్మ ప్రతి మంచం దగ్గరా ఆ బిడ్డ చరిత్ర చెప్పుకుంటూ నడిచింది. కిటికీ పక్క మంచంలో ఎనిమిదేళ్ల పాప. ఆయాసంతో వచ్చి నాలుగైదు రోజులైందట. ఇప్పుడు తెరిపినపడింది, మరుసటి రోజు ఇంటికి పంపుతామన్నారు. తల్లి కణేకల్ వైపు పల్లెలో కూలిపని చేసుకునే మనిషి. మంచం పక్కన నేల మీద కూర్చుని గిన్నె తుడుచుకుంటోంది. ఆయమ్మ గొంతు తగ్గించాననుకుంది కానీ తగ్గించలేదు.

"నిన్న సాయంత్రం ఈయమ్మ ఏం చేసిందనుకున్నావప్పా? పాపకు దిష్టి తీసి, మెట్ల కింద మిరపకాయలు కాల్చింది. వార్డు వార్డంతా దగ్గి సచ్చింది. సిస్టర్ పట్టుకుని వాయించింది."

ఆ తల్లి తలెత్తి, "మా అత్త పంపించింది. నేనేం చేద్దును?" అంది. సిగ్గుపడుతూనే కొంచెం నవ్వింది కూడా. అత్త మూడు సాయంత్రాలు తీయమని చెప్పి, ఎండుమిరపకాయలు, ఉప్పు మూట కట్టి పంపిందట. మళ్లీ కాలిస్తే వార్డులోంచి వెళ్లగొడతానని సిస్టర్ చెప్పిందట.

పాప సంచిలోకి చెయ్యి పెట్టి అన్నిటికంటే లావు పుస్తకం తీసుకుంది. పక్కకు తిరిగి పడుకుని, పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. తక్కిన మంచాలకు కూడా పంచి, పిల్లలు పేజీలు తిప్పుతుంటే చూస్తూ కాసేపు నిలబడ్డాను. నాకు నేను మంచివాడిగా కనిపించిన అరగంట అది.

ముందు దగ్గు వినిపించింది. తర్వాత పిల్లి కూత లాంటి ఊపిరి. తిరిగి చూస్తే పాప లేచి కూర్చుని రెండు చేతులూ మంచానికి ఆనించి ఎగపీలుస్తోంది. కళ్లు ఎర్రబడ్డాయి. సిస్టర్ పరుగున వచ్చి, మందు ఆవిరి పట్టే మాస్కు ముఖానికి పెట్టి, అటూ ఇటూ గాలి పీల్చి చూసింది. "ఏదో ఘాటు వస్తాంది" అంది. వెంటనే దిండు ఎత్తింది. దిండు కింద మిరపకాయల మూట ఉంది.

"మళ్లీ కాల్చినావా?"

"లేదు సిస్టర్. మా పాప మీద ఒట్టు. కాల్చలే."

"నిన్న కూడా లేదనే చెప్తివి. చేతిలో నిప్పుపెట్టె పెట్టుకుని లేదంటివి."

ఆయమ్మ అవునంది. పక్క మంచాల తల్లులు కూడా ఘాటు తమకు తెలుస్తోందన్నారు. ఆ తల్లి అందరి ముఖాలూ ఒకసారి చూసింది, నా ముఖం కూడా.

నేను చూస్తున్నది పాప ఒళ్లో పడి ఉన్న పుస్తకాన్ని. అది నడిమికి తెరుచుకుని ఉంది. పిన్నులు కొట్టిన మడత పొడవునా తెల్లగా పొడి గీత. అట్టలు తుడిచానే గానీ మడతలు విప్పి దులపలేదు. పాప దుప్పటి మీద కూడా తెల్లటి నలుసులు రాలి ఉన్నాయి. ఆ పొడి పేరు, రకం, అది ఎంతలో ఏం చేస్తుందో ఆ గదిలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను ముందుకు జరిగి, పాపకు అడ్డం లేకుండా తీస్తున్నట్టు ఆ పుస్తకాన్ని తీసి ఖాళీ సంచిలో పెట్టుకున్నాను. దుప్పటిని చేత్తో దులిపాను.

సిస్టర్ ఆ తల్లి ఫోన్ తీసుకుని భర్తకు కలిపింది. మీ ఆవిడ మాట వినడం లేదు, పాపకు మళ్లీ ఆయాసం వచ్చింది, సాయంత్రంలోగా పాప దగ్గరికి వేరేవాళ్లను పంపండి, ఈమెను లోపల ఉండనివ్వను అంది. ఫోన్ తల్లికి ఇచ్చింది. అవతల మనిషి గొంతు నాకు కూడా వినిపించింది.

"పాపకేమన్నా అయితే నువ్వు ఈ ఇంటికి రావాకు."

ఆమె ఫోన్ కొంగులో చుట్టుకుని, గిన్నె పట్టుకుని, వార్డు బయటికి పోయి తలుపు పక్కన కూర్చుంది. పాప మాస్కులోంచే అమ్మా అమ్మా అంటోంది. నేను చేతి గడియారం చూసుకుని, అంగడి తెరవాలని సిస్టర్‌కు చెప్పి బయటికి నడిచాను. తల్లి పక్కనుంచే పోవాల్సి వచ్చింది. ఆమె కాళ్లు దగ్గరికి తీసుకుని నాకు దారి ఇచ్చింది.

అంగడిలో కూర్చుని రకరకాలుగా సర్ది చెప్పుకున్నాను. పాపకు ముందునుంచీ ఉన్న జబ్బే అనుకున్నాను. తక్కిన పుస్తకాలు బాగానే తుడిచాననుకున్నాను. ఈ సంగతి బయటికి పొక్కితే అంగడి మాటేమిటని కూడా అనుకున్నాను. అన్నిటికంటే ముందు వచ్చిన ఆలోచన ఆ చివరిదే. ఇక్కడ చివర రాయడం కూడా దాచుకోవడంలో భాగమే కావచ్చు.

మధ్యాహ్నం దాటాక పక్క పల్లె రైతు ఒకాయన వచ్చి అదే తెల్ల పొడి అడిగాడు. ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం చెప్పాల్సింది చెప్పాను. పిల్లలకు అందకుండా పెట్టు, చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, చేతులు సబ్బుతో కడుక్కో.

ఆయన నవ్వాడు. "ఏమప్పా, వచ్చినప్పుడల్లా ఇదే పాట పాడ్తావు. పిల్లోళ్లకు అందకుండా పెట్టక, వాళ్ల చేతికిస్తామా యాడన్నా?"

నేను నవ్వలేకపోయాను. వార్డులో ఆ పుస్తకాలు ఇంకా పిల్లల చేతుల్లోనే ఉన్నాయి. ఒక్క పాప దగ్గరి పుస్తకం దాచుకుని వచ్చానే కానీ, తక్కినవాటి గురించి అంతసేపు నిజంగా ఆలోచించనేలేదు. ఆయనకు ప్యాకెట్టు ఇచ్చి పంపి, అలాంటిదే ఇంకొకటి చేతిలో పట్టుకుని అంగడి మూశాను.

ఆసుపత్రిలో ముందు డాక్టర్ గదిలోకి పోయాను. చిన్న వయసు ఆడ డాక్టర్. జరిగింది చెప్పి, మందు పేరు చూసుకోవడానికి ప్యాకెట్టు ఆమె ముందు పెట్టాను. ఆమె నన్ను తిట్టలేదు. ఎంతసేపయిందని అడిగి, నేను చెప్పడం పూర్తికాకముందే లేచి వార్డులోకి నడిచింది. కిటికీలన్నీ తీయించింది. చేతికి తొడుగులు వేసుకుని ఆయమ్మ పుస్తకాలన్నీ పోగుచేసింది. ఒక పిల్లాడు ఇవ్వనని పొట్ట కింద పెట్టుకుని ఏడ్చాడు. పిల్లలందరికీ చేతులు, ముఖాలు కడిగించారు, దుప్పట్లు మార్చారు. డాక్టర్ ఒక్కొక్కరి గుండెల మీద గొట్టం పెట్టి చూసింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. కిటికీ పక్క పాపకు ఆయాసం నెమ్మదించింది కానీ, ఇంటికి పంపడం రెండు రోజులు వాయిదా వేశారు.

సిస్టర్ నా దగ్గరికి వచ్చింది. "అప్పుడే చెప్పొచ్చు గదా సార్. నేను ఆ అమ్మను అన్ని మాటలు అంటా ఉంటే మీరు ఈడనే ఉండారు గదా" అంది. ఉన్నానన్నాను. ఆ తల్లిని లోపలికి పిలవమని అడిగాను. డాక్టర్‌కు గదిలో చెప్పడంతో నా పని తీరిపోతుందని కాసేపు అనుకున్న మాట నిజమే. అయితే ఆమె మాటలు పడింది ఇంతమంది ఎదుట.

ఆ తల్లి వచ్చి పాప పక్కన నిలబడింది. మంచాల మధ్య నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను. ఘాటు నా పుస్తకాలదని, ఈమె ఏమీ కాల్చలేదని, పుస్తకంలో పొడి చూసి కూడా దాచుకుని పోయానని చెప్పాను. క్షమించమ్మా అన్నాను.

ఆమె పాప జుట్టు సవరించింది.

"నువ్వు చూస్తానే ఉంటివి గదన్నా" అంది. "నేను ఒట్టు పెట్టుకుంటాంటే నా మొగం చూస్తానే ఉంటివి."

ఔనన్నాను.

"ఈడ చెప్తే నాకేమొచ్చె? వీళ్లు రేపో ఎల్లుండో ఎవరిండ్లకు వాళ్లు పోతారు. నేను పోవాల్సింది మా ఇంటికి. ఆడ పోయి చెప్పు."

సిస్టర్ తానే మళ్లీ ఫోన్ చేస్తానంది. ఆ తల్లి ఒప్పుకోలేదు. నర్సమ్మకు జాలేసి అట్ల చెప్తాందని అంటారు, చేసినోడు పోయి చెప్తేనే నమ్ముతారు అంది. ఊరు, ఇంటి గుర్తులు చెప్పించుకుని బయటికి వచ్చాను. ఆ సాయంత్రం ఆమెను వార్డులోనే ఉండనిచ్చారు, వేరేవాళ్లు రానక్కర్లేదని మాత్రం సిస్టర్ ఆ ఇంటికి చెప్పింది.

పుస్తకాలు తీసుకుపోవాల్సింది నేనే. పాత కాగితాలవాడికి వేస్తే చింపి బొరుగుల పొట్లాలు కడతారు. కాలిస్తే పొగ ఎవరింట్లోకి పోతుందో తెలియదు. ఊరి బయట నాకున్న కొంచెం బీడు భూమిలో, బావికీ దారికీ దూరంగా గుంత తీశాను. వాన ఎరగని నేల, గడ్డపార దిగడానికే చాలాసేపు పట్టింది. కూలి మనిషిని పెట్టుకోబుద్ధి కాలేదు. పిల్లలకు కొత్త పుస్తకాలు ఆ వారంలోనే ఇప్పించాను, వాటిని నేను ముట్టుకోలేదు. పుస్తకాల అంగడివాళ్లే నేరుగా వార్డుకు చేర్చారు.

వార్డులో చెప్పిన మరుసటి రోజు పొద్దున్నే కణేకల్ బస్సు ఎక్కాను. అక్కడి నుంచి ఆటో. కాలువ నీళ్లు పారే వైపు కావడంతో దారి పొడవునా వరి నాట్లు కనబడ్డాయి. ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అత్తగారు వాకిట్లో కూర్చుని వేరుశెనగ కాయలు వలుస్తోంది. భర్త పనికి పోవడానికి తలకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. ముప్పై దాటి ఉండవు. నేను ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే అతని చెయ్యి ఆగిపోయింది.

"పాపకేమైనాది?"

పాప బాగుందని చెప్పి, ఎవరూ కూర్చోమనకముందే విషయం మొదలుపెట్టాను. పిల్లలకు పుస్తకాలు తెచ్చానని, వాటిలో మందు పొడి ఉందని, దానివల్లే ఆయాసం వచ్చిందని, మీ ఆవిడ నిన్న మిరపకాయలు కాల్చలేదని చెప్పాను. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

అత్తగారికి అందులో ఒక్క ముక్కే పట్టింది.

"కాల్చలేదా? మూడు పొద్దులు తీయమని చెప్పి పంపిస్తే నిన్న తీయనే లేదా అది?"

"ఉండుమా" అన్నాడు కొడుకు.

"ఏం ఉండల్ల? తీసింటే ఈయప్ప పొడి ఏం చేస్తుండె? దిష్టి ఉండబట్టే గదా తగిలింది."

పక్కింటివాళ్లు నవ్వారు. నాక్కూడా కొంచెం తేలికైనట్టు అనిపించింది. భర్త మాత్రం నవ్వలేదు. అనకూడని మాట అంటినే అని గొణుక్కుని, ఫోన్ తీసి భార్యకు చేశాడు. ఆమె ఎత్తాక "అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఆమె ఏమందో నాకు వినపడలేదు. "వచ్చినాడు. ఈడనే ఉండాడు" అని, ఫోన్ నాకు ఇచ్చాడు.

"చెప్పినావా అన్నా?"

"చెప్పినానమ్మా."

"మా అత్త ఉన్నిందా?"

"ఉండాది. అందరూ విన్యారు."

"నువ్వు నా ఎదురుగా నిలబడి చూస్తా ఊరకున్న్యావే, అది కూడా చెప్పినావా?"

చెప్పలేదు. వార్డులో చెప్పినవాణ్ణి, వాళ్ల వాకిట్లో ఆ భాగాన్ని వదిలేశాను. కావాలని వదిలేసినట్టు కూడా నాకు తెలియలేదు, నోరే దాన్ని దాటుకుని పోయింది. పొడి సంగతి మాత్రమే వింటే నేనొక పొరపాటు చేసిన మంచి మనిషిని. ఆమె ఒట్టు పెట్టుకున్న సంగతి, ఒక్కరూ నమ్మని సంగతి ఆ ఇంటికి ఇంకా చేరనేలేదు.

లేదన్నాను.

"ఫోన్ పెద్దగా పెట్టు. నేను వింటాను, నువ్వు చెప్పు."

స్పీకర్ ఎలా పెట్టాలో నాకు చేతకాలేదు. అతనే నొక్కి, ఫోన్‌ను తన అరచేతిలో పెట్టుకుని మా మధ్య పట్టుకున్నాడు. అందులోంచి వార్డు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. అత్తగారు కాయలు వలవడం ఆపింది. నేను మొదటి నుంచి మళ్లీ చెప్పాను. పాప ఒళ్లో పుస్తకం మడతలో పొడి చూశానని చెప్పాను. ఈయమ్మ పాప మీద ఒట్టు పెట్టుకుంటుంటే రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నానని, పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నానని, ఇతను ఫోన్‌లో అన్న మాట కూడా విన్నానని, విని గడియారం చూసుకుని అంగడికి పోయానని చెప్పాను. తలుపు దగ్గర ఆమె కాళ్లు ముడుచుకుని నాకు దారి ఇచ్చిందని చెప్పాను.

చెప్పడం అయ్యాక అతను నా వైపు చూడలేదు, అరచేతిలోని ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఊఁ" అంది ఆమె అవతలి నుంచి. పాపకు పాలు తెచ్చుకోవాలని చెప్పి పెట్టేసింది.